ఆరు రోజుల పులుపులో చాక్లెట్ పుట్టింది!

పెట్ట టర్కీకోడి 100 గింజలు. పుంజయితే 200. చిన్న కుందేలు 30. టర్కీ గుడ్డు 3. అప్పుడే కోసిన అవకాడో 3. పెద్ద టొమాటో ఒకటంటే ఒకటే గింజ!

పిల్లలు గవ్వలు పెట్టుకుని ఆడే దుకాణం ఆట కాదిది. 1545లో మెక్సికోలోని త్లాస్కాలా సంతలో అమలైన ధరల పట్టిక. ఆ గింజలు... కోకో గింజలు. స్పెయిన్ వాళ్లు ఆ దేశాన్ని పట్టుకుని అప్పటికి పాతికేళ్లు కావస్తున్నా సంతలో చిల్లర మాత్రం చెట్టుకే కాసేది! డబ్బున్నచోట దొంగడబ్బూ ఉంటుంది కదా. గింజ పైపొట్టు జాగ్రత్తగా విప్పి, లోపలి పప్పు కాజేసి, దాని చోట మట్టి కూరి చెలామణీ చేసిన ఘనులు ఆ రోజుల్లోనే ఉన్నారు.

అంతకుముందు 1502లో కొలంబస్‌కి కూడా ఈ గింజలు ఎదురయ్యాయి. హోండూరస్ తీరానికి దగ్గర్లోని గ్వనాహా దీవి వద్ద సరుకులతో వెళుతున్న పెద్ద పడవ ఒకటి కనిపించింది. అందులో బాదంపప్పుల్లాంటి గింజలున్నాయి. వాటిలో నాలుగు కిందపడితే పడవలోని వాళ్లంతా గాభరాగా వంగి ఏరుకున్నారట. ఈ ముచ్చట కొలంబస్ కొడుకు ఫెర్నాండో రాసిపెట్టాడు. బంగారం వెతుక్కుంటూ వచ్చిన కొలంబస్‌కి ఆ గింజల్లో విశేషమేమీ కనిపించలేదు. తన దారిన తాను పోయాడు.

అంత విలువైన గింజని పచ్చిగా నోట్లో వేసుకుని కొరికితే? వేపగింజకు తమ్ముడే! చేదు, వగరు. చాక్లెట్ వాసన ఇసుమంతైనా రాదు. పంచదార కలిపి నూరినా రాదు. మరి మనం లొట్టలేసుకుంటూ తినే ఆ రుచి ఎక్కణ్నుంచి వచ్చినట్టు? స్విట్జర్లాండ్ ఫ్యాక్టరీలోనా? బెల్జియం వంటగాడి చేతిలోనా? అవన్నీ తర్వాతి సంగతులు. అసలు రుచికి పునాది పడేది రైతు కళ్లంలో, అరిటాకుల కింద, దాదాపు ఆరు రోజుల్లో. ఆ ఆరు రోజుల పని గురించి, ఆ పనికి దక్కే ధర గురించి తెలిస్తే కోకో చరిత్ర సగం తెలిసినట్టే.

మానుకే పూలు, మానుకే కాయలు

కోకో చెట్టు సుకుమారి. భూమధ్యరేఖకు అటూ ఇటూ 20 డిగ్రీల లోపు ఉండే వేడి, తేమ నేలల్లోనే హాయిగా పెరుగుతుంది. ఎండ నేరుగా తగిలితే లేతమొక్క తట్టుకోలేదు. గాలి విసురుకు ఆగదు. అడవిలో పెద్దచెట్ల నీడన పెరిగిన పుట్టుక మరి! అందుకే తోటల్లోనూ దానికి ఓ పెద్దదిక్కు ఉండాలి. ఒకచోట అరటి, ఒకచోట కొబ్బరి, మరోచోట పోక.

పనసలాగే దీనికీ పూలూ కాయలూ మానుకే, ముదురు కొమ్మలకే వస్తాయి. పువ్వు చిటికెనవేలి గోరంత ఉంటుంది. తేనెటీగలు దీని జోలికి పెద్దగా రావు. కంటికి ఆననంత చిన్న ముసురు ఈగలే దీనికి పెళ్లిపేరయ్యలు. తోటలో కుళ్లిన ఆకులు, తడిసిన అరటి బోదెలు ఉంటేనే ఆ ఈగలు బతుకుతాయి. అద్దంలా ఊడ్చి శుభ్రం చేసిన తోటలో కోకో సరిగా కాయకపోవడానికి ఇదీ ఒక కారణమే. ఇంతా చేసి 100 పూలు పూస్తే పిందె కట్టేవి ఐదు కూడా ఉండవు. పిందె కాయై పండటానికి ఐదారు నెలలు.

పండిన కాయ పసుపుగానో, నారింజ ఎరుపులోనో మెరుస్తుంది. కానీ దానంతటది రాలదు, పగలదు. ఎవరో ఒకరు కొట్టాల్సిందే. అడవిలో ఆ పని కోతులు, ఉడతలు చేస్తాయి. మందపాటి డిప్ప లోపల సీతాఫలంలా తెల్లటి తీయని గుజ్జు, దాన్ని అంటిపెట్టుకుని 30, 40 గింజలు. కోతి గుజ్జు చప్పరించి చేదుగింజని ఉమ్మేస్తుంది. అది పడినచోట మొలకెత్తుతుంది. చెట్టు వేసిన ఎత్తు అదే. గుజ్జు కోతికి, గింజ నేలకి! మనిషి మాత్రం కోతి ఉమ్మేసినదాన్ని ఏరుకున్నాడు.

1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ చెట్టుకి థియోబ్రోమా కకావో అని నామకరణం చేశాడు. థియోబ్రోమా అంటే గ్రీకు భాషలో దేవతల ఆహారం.

అయిదువేల ఏళ్ల కిందటి మరక

కోకో అనగానే మెక్సికో, మాయా నాగరికత గుర్తొస్తాయి. దాని పుట్టిల్లు మాత్రం అక్కడికి చాలా దూరంలో, దక్షిణ అమెరికాలోని ఎగువ అమెజాన్ అడవుల్లో ఉంది. ఈక్వెడార్‌లోని శాంటా అనా-లా ఫ్లోరిడా అనేచోట తవ్వకాల్లో దొరికిన మట్టిపాత్రల లోపలి మరకల్ని పరీక్షిస్తే కోకో పిండిరేణువులు, కోకోలో ఉండే థియోబ్రొమిన్, కోకో జన్యుపదార్థం ఆనవాళ్లు దొరికాయి. వాటి వయసు సుమారు 5,300 ఏళ్లు. ఈ ఫలితాలు 2018లో బయటికొచ్చాయి. మొదట్లో జనం గుజ్జు కోసమే కాయ కొట్టి ఉంటారనీ, ఆ గుజ్జు పులిసిన తర్వాతే గింజ రుచి తెలిసి ఉంటుందనీ చాలామంది పండితుల ఊహ.

అక్కణ్నుంచి కోకో ఉత్తరానికి నడిచి మాయాల చేతికొచ్చింది. గ్వాటెమాలాలోని రియో అజుల్ దగ్గర 1984లో ఓ సమాధి తవ్వితే మరచెంబులా మూత తిప్పి బిగించే మట్టిపాత్ర దొరికింది. సుమారు పదిహేను వందల ఏళ్ల కిందటిది. దానిమీద మాయా లిపిలో ‘కకావ్’ అని రాసుంది. లోపలి మరక కోకోదేనని అమెరికాలోని హెర్షీ చాక్లెట్ కంపెనీ ప్రయోగశాల తేల్చింది. ఇవాళ మనం పలికే కోకో, కకావో అన్న మాటలకు ఆ ‘కకావే’ మూలం.

అప్పటి చాక్లెట్ తినేది కాదు, తాగేది. వేయించిన గింజల్ని రాతిమీద నూరి, నీళ్లలో కలిపి, మిరపకాయ, వనిల్లా, జాఫ్రా గింజలు చేర్చేవారు. ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఎత్తునుంచి పోసి నురగ తెప్పించేవారు. మన ఫిల్టర్ కాఫీ తిరగబోసినట్టే. నురగ లేకపోతే అది పానీయమే కాదని వాళ్ల లెక్క. అజ్టెక్ రాజుల కాలానికి అది గొప్పవాళ్ల పానీయమైంది. వాళ్ల రాజధాని ఉన్న చల్లటి పీఠభూమిమీద కోకో పండదు. అందుకని దూరాన వేడి నేలలున్న సొకొనుస్కో ప్రాంతం నుంచి గింజల్ని కప్పంగా రాబట్టేవారు. పండించేది ఒకచోట, తాగేది ఇంకోచోట, ధర చెప్పేది తాగేవాడు... ఆ తంతు అప్పుడే మొదలైందన్నమాట!

స్పెయిన్ వాళ్లొచ్చాక మిరపకాయ పోయి పంచదార చేరింది. 1585లో మెక్సికోలోని వెరాక్రూజ్ రేవు నుంచి స్పెయిన్‌లోని సెవిల్‌కి గింజల ఓడ వెళ్లినట్టు దాఖలా ఉంది. తర్వాతి కథ చకచకా సాగింది. 1828లో హాలెండ్‌కి చెందిన వాన్ హౌటెన్ గింజ నూరిన ముద్దలోంచి కొవ్వుని పిండి తీసే యంత్రానికి హక్కులు సంపాదించాడు. ఆ కొవ్వే కోకో బటర్. పిండగా మిగిలిన పిప్పే కోకో పొడి. 1847లో ఇంగ్లండ్‌లో ఫ్రై కంపెనీ పొడి, పంచదార, కోకో బటర్ కలిపి తినే చాక్లెట్ బిళ్ల పోసింది. 1875లో స్విట్జర్లాండ్‌లో డేనియల్ పీటర్ అందులో పాలు కలిపాడు. 1879లో అదే దేశంలో లింట్ గంటల తరబడి రుబ్బితే నోట్లో వెన్నలా కరుగుతుందని కనిపెట్టాడు. పేర్లన్నీ ఐరోపావే. గింజ మాత్రం అక్కడ ఒక్కటి కూడా పండదు.

ఆ ఆరు రోజుల్లో ఏం జరుగుతుంది?

ఇప్పుడు కళ్లంలోకి వద్దాం. కాయలు కొట్టి గుజ్జుతో సహా గింజల్ని బయటికి తీస్తారు. చెక్కపెట్టెల్లోనో, గంపల్లోనో పోసి, లేదా నేలమీదే కుప్పపెట్టి అరిటాకులు కప్పుతారు. చూసేవాళ్లకి అదో మురుగుతున్న కుప్ప. లోపల మాత్రం పెద్ద వంటే జరుగుతూంటుంది.

మొదటి రెండ్రోజులు ఈస్ట్ రాజ్యం. గుజ్జులోని చక్కెరని తిని సారాయిగా మారుస్తుంది. గుజ్జు కరిగి, పెట్టె కిందికి చుక్కలు చుక్కలుగా కారిపోతుంది. తాటికల్లు పొంగిన వాసన! అప్పుడు కుప్ప తిరగేస్తారు. గాలి తగలగానే ఇంకో రకం సూక్ష్మజీవులు విజృంభించి ఆ సారాయిని పులుపుగా, అంటే వెనిగర్‌గా మారుస్తాయి. కుప్ప వేడెక్కుతుంది. 45 నుంచి 50 డిగ్రీలు! చెయ్యి పెడితే చుర్రుమంటుంది. ఆ వేడికి, పులుపుకి గింజలోని మొలక చచ్చిపోతుంది. గింజ లోపలి అరల గోడలు తెగుతాయి. అప్పటిదాకా విడివిడిగా ఉన్న పదార్థాలు కలిసిపోతాయి. మాంసకృత్తులు విరిగి చిన్న చిన్న ముక్కలవుతాయి. చక్కెరలు విడిపడతాయి. ఊదారంగు గింజ గోధుమరంగుకి తిరుగుతుంది. చేదు, వగరు తగ్గుతాయి.

ఇంతా అయినా చాక్లెట్ వాసన ఇంకా రాదు సుమా! ఆరు రోజుల తర్వాత గింజల్ని వారంపాటు నిదానంగా ఎండలో ఆరబెట్టాలి. తేమ ఏడు శాతానికి దిగాలి. తొందరపడి ఎండబెడితే పులుపు లోపలే ఉండిపోతుంది. వానకి భయపడి కట్టెల పొగమీద ఆరబెడితే పొగవాసన పడుతుంది. అలా ఎండిన గింజ ఫ్యాక్టరీకి చేరి, మూకుడులో కందిపప్పు వేగినట్టు వేగినప్పుడు... పులిసినప్పుడు తయారైన మాంసకృత్తుల ముక్కలు, చక్కెరలు ఒకదాన్నొకటి పెనవేసుకుని, వీధి చివరికి కొట్టే ఆ కమ్మటి వాసన పుడుతుంది.

పులియబెట్టని గింజని ఎంత వేయించినా ఆ వాసన రాదు. ఇడ్లీపిండి పులియకుండా పొయ్యిమీద పెడితే ఏమవుతుందో ఇక్కడా అంతే. ఖరీదైన యంత్రాలు పొరపాట్లని కాస్త కప్పిపుచ్చగలవు గానీ లేని రుచిని పుట్టించలేవు. అందుకే కొనేవాళ్లు గింజల్ని నిలువునా కోసి చూస్తారు. లోపల గోధుమరంగు, పగుళ్లు ఉంటే బాగా పులిసినట్టు. ఊదాగా ఉంటే సగమే. పలకరాయిలా బూడిదరంగులో గట్టిగా ఉంటే అసలు పులియనట్టే!

ఒక్కో సీమది ఒక్కో రుచి

మామిడిలో బంగినపల్లి, రసాలు, సువర్ణరేఖ ఉన్నట్టే కోకోలోనూ రకాలున్నాయి. వ్యాపారులు చాలాకాలం మూడే చెప్పేవారు. మొదటిది క్రియోలో. మాయాల కాలం నాటిది, లోపలి గింజ తెల్లగా ఉంటుంది, చేదు తక్కువ, రుచి మృదువు. తెగుళ్లకు మాత్రం ఇట్టే లొంగిపోతుంది. రెండోది ఫొరాస్టెరో. మొండిఘటం, కాపు ఎక్కువ, చేదూ ఎక్కువే. మూడోది ట్రినిటారియో. 1727లో ట్రినిడాడ్ దీవిలో క్రియోలో తోటలు ఏదో విపత్తుకి తుడిచిపెట్టుకుపోయాయి. కొన్నేళ్ల తర్వాత తెచ్చి నాటిన ఫొరాస్టెరో మొక్కలకీ, మిగిలిన పాత చెట్లకీ పుట్టిన సంకరం ఇది. 2008లో మొటమయోర్ బృందం జన్యువుల్ని పరిశీలించి మూడు కాదు, పది కుదుళ్లున్నాయని తేల్చింది.

రకానికి నేల, పులియబెట్టే తీరు తోడైతే రుచి మారిపోతుంది. మడగాస్కర్‌లోని సంబిరానో లోయ గింజకి ఎర్రటి పుల్లని పండ్ల రుచి ఉంటుంది. ఘనా గింజ నికార్సయిన చాక్లెట్ రుచికి కొలబద్ద. పపువా న్యూగినీ గింజల్లో పొగవాసన తగలడం మామూలే. అక్కడ వానలెక్కువ, కట్టెల మంటమీద ఆరబెడతారు. ఈక్వెడార్‌లోని నేషనల్ రకం గింజల్లో పూల పరిమళం ఉంటుంది.

ఆ ఈక్వెడార్‌లోనే అసలు చిక్కు తెలుస్తుంది. 1965లో హొమెరో కాస్త్రో అనే ఆయన నరంహల్ అనేచోట ఓ సంకర రకాన్ని తయారుచేశాడు. పేరు సీసీఎన్-51. తెగుళ్లని తట్టుకుంటుంది, విరగకాస్తుంది. కానీ పూల పరిమళం లేదు, పులుపు ఎక్కువ. రైతులు దేన్ని నాటుకుంటారు? బస్తాకి ఒకటే ధర ఇస్తే ఎక్కువ బస్తాలిచ్చే చెట్టునే నాటుకుంటారు. వాళ్లని తప్పు పట్టలేం. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో చాలామంది రైతులు గింజల్ని సరిగా పులియబెట్టకుండానే ఎండబెట్టి అమ్మేస్తారు. కారణం అదే. ఆరు రోజుల కష్టానికి అదనంగా ముట్టేది ఏమీ లేనప్పుడు ఎవరు మాత్రం చేస్తారు? లోకంలో మంచి రుచులు మాయమవుతున్నాయంటే చెట్టు చెడిపోయి కాదు, లెక్క చెడిపోయి.

కంపెనీ కొననంటే... రైతు అమ్మనన్నాడు!

కోకో అమెరికా ఖండాన్ని దాటి ఆఫ్రికా చేరడం ఓ పెద్ద మలుపు. 1822లో బ్రెజిల్ నుంచి ప్రిన్సిపె దీవికి మొక్కలొచ్చాయి. పక్కనున్న సావో టోమె దీవి తోటలతో నిండిపోయింది. ఆ తోటల్లో పనిచేసింది అంగోలా నుంచి తరలించిన కూలీలు. పేరుకి ఒప్పందం, నిజానికి బానిసత్వం. బ్రిటన్‌లో గగ్గోలు పుట్టి 1909లో కేడ్‌బరీ, ఫ్రై, రౌంట్రీ కంపెనీలు ఆ దీవుల గింజ కొనడం మానేశాయి. అప్పటికే వాటికి ఇంకో దారి దొరికింది... గోల్డ్ కోస్ట్. అంటే నేటి ఘనా.

అక్కడ కోకోని పాదుకొల్పినవాడిగా జనం చెప్పుకునే పేరు టెటె క్వార్షీ. కమ్మరి పని తెలిసిన మనిషి. ఫెర్నాండో పో దీవికి పనికోసం వెళ్లి, 1870ల్లో తిరిగొస్తూ కాసిని గింజలు తెచ్చి మాంపాంగ్ అనే ఊళ్లో నాటాడు. దొరల తోటలు కాదు, చిన్న చిన్న రైతుల చేలే అక్కడ కోకోని పెంచాయి. 1911కల్లా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోకో పంపే దేశమైంది గోల్డ్ కోస్ట్!

1937లో కొనే కంపెనీలన్నీ కూడబలుక్కుని ధర ఇంతకు మించి పెట్టకూడదని ఒప్పందం రాసుకున్నాయి. రైతులకి ఒళ్లు మండింది. అక్టోబరు నుంచి మర్నాటి ఏడాది ఏప్రిల్ దాకా గింజ అమ్మడం మానేశారు. బ్రిటన్ సరుకులు కొనడం కూడా మానేశారు. చివరికి లండన్ నుంచి విచారణ సంఘం వచ్చింది. కంపెనీల కూటమి తప్పని తేల్చింది. కోకో చరిత్రలో రైతు మాటకి లండన్ చెవి ఒగ్గిన ఘట్టాల్లో అదొకటి.

ఇప్పుడు ప్రపంచ కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. అయినా మనం చాక్లెట్‌కి పెట్టే పది రూపాయల్లో గింజ పండించినవాడికి సగటున రూపాయి కూడా వెళ్లదు. కూలీ పెట్టుకునే స్తోమత లేక పిల్లల్నే తోటలోకి తీసుకెళతారు. ఈ రెండు దేశాల్లో సుమారు 15 లక్షల 60 వేలమంది బాలలు కోకో పనుల్లో ఉన్నారని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన సంస్థ 2020లో లెక్క చెప్పింది. పిల్లలకి అత్యంత ఇష్టమైన తిండి, పిల్లల చేతుల మీదుగా వస్తోంది! దేవతల ఆహారం సంగతి అలా ఉంచండి... పండించే చాలా ఇళ్లలో చాక్లెట్ రుచి చూడనివాళ్లే ఎక్కువ.

కొబ్బరి నీడన గోదావరి కోకో

మన దేశానికి కోకో 1798లోనే వచ్చింది. ఈస్టిండియా కంపెనీ వాళ్లు తమిళనాడులోని కుర్తాళంలో కొన్ని క్రియోలో మొక్కలు నాటారు. పంటగా నిలదొక్కుకున్నది మాత్రం 1965 తర్వాతే. కేడ్‌బరీ కంపెనీ కేరళలోని వయనాడ్‌లో ప్రదర్శన క్షేత్రం పెట్టి రైతులకి మొక్కలిచ్చింది. 1980ల మొదట్లో ధర పడిపోయింది, కొనే నాథుడు కరవయ్యాడు. కేరళలో చాలామంది చెట్లు నరికేశారు. అప్పుడు పోక రైతుల సహకార సంఘం ‘క్యాంప్కో’ రంగంలోకి దిగి గింజ కొంది. 1986లో కర్ణాటకలోని పుత్తూరులో సొంత చాక్లెట్ ఫ్యాక్టరీయే పెట్టింది. కంపెనీ కొనకపోతే మనమే చాక్లెట్ చేద్దామన్నారు... చేశారు!

తర్వాత వంతు గోదావరి జిల్లాలది. కొబ్బరిచెట్ల మధ్య నీడ ఊరికే పోతోంది. అదే కోకోకి కావాల్సింది. బోరునీరుంది, నల్లటి నేలుంది. కొబ్బరికి పెట్టే నీళ్లు, ఎరువుతోనే రెండో పంట. రాలిన ఆకు నేలకి బలం. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి జిల్లాల్లో కొబ్బరితోపాటు ఆయిల్‌పామ్ తోటల్లోనూ కోకో అంతరపంటగా విస్తరించింది. ఇవాళ దేశంలో కోకో పండించడంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అలాగని తీరికైన సేద్యమనుకోకండి. కొమ్మ కత్తిరింపు తప్పితే కాపు తగ్గిపోతుంది. వానాకాలంలో కాయకుళ్లు. పండిన కాయకి ఉడతలు, ఎలుకలు తయారు. కిలో ఎండు గింజలు కావాలంటే పాతిక కాయలదాకా కొట్టాలి. ఆపైన ఆ ఆరు రోజుల కాపలా.

2024లో ఓ వింత జరిగింది. పశ్చిమ ఆఫ్రికాలో వానలు తారుమారై, తెగుళ్లు పెరిగి, ముసలిచెట్ల కాపు తగ్గి గింజకి కటకట వచ్చింది. ఏళ్ల తరబడి టన్ను 2,500 డాలర్ల చుట్టూ తిరిగిన ధర 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో 12,000 దాటింది. అంతకుముందు కిలో మూడొందల లోపున్న గోదావరి గింజ 2024 వేసవిలో వెయ్యి రూపాయలు తాకింది. కొబ్బరి కంటే కోకోయే ఇంటిని నిలబెట్టిన ఏడాది అది. విచిత్రమేమిటంటే, ఐవరీ కోస్ట్, ఘనా రైతులకి ఆ పండగ పూర్తిగా దక్కలేదు. అక్కడ ధరని ప్రభుత్వం ముందే నిర్ణయిస్తుంది, సరుకుని ముందే అమ్మేస్తుంది!

2025లో పొంగు చల్లారింది. కంపెనీలు కొనుగోళ్లు తగ్గించాయి. గోదావరి తోటల్లో గింజల బస్తాలు పేరుకుపోయాయి. అంతర్జాతీయ ధర ఇవ్వాలంటూ రైతులు రోడ్డెక్కారు. చివరికి కంపెనీలిచ్చే ధరకి రాష్ట్ర ప్రభుత్వం కిలోకి 50 రూపాయలు కలిపి, 500 అందేలా చూస్తామంది. ఆ సంవత్సరాంతానికి న్యూయార్క్ ధర కూడా పాత శిఖరంలో సగానికంటే కిందికి జారింది.

గోల్డ్ కోస్ట్ 1937, కేరళ 1980లు, గోదావరి 2025... ఊరు మారింది, కథ మారలేదు. ధర పెరిగినా తరిగినా ఆ మాట చెప్పేది రైతు ఎన్నడూ చూడని ఊరు. ధర పెరిగినప్పుడు అందరూ మొక్కలు నాటుతారు. అవి కాపుకొచ్చేసరికి ధర ఉండదు. ఈ సుడిలోంచి బయటపడటానికి రైతు చేతిలో ఉన్నది ఒకటే. అదే రుచి. బస్తా లెక్కన అమ్మే గింజకి న్యూయార్క్ ధర కడుతుంది. రుచి లెక్కన అమ్మే గింజకి కొనేవాడితో బేరమాడే వీలుంటుంది. హైదరాబాద్‌లో 2023లో తలుపులు తెరిచిన ‘మనం చాక్లెట్’ లాంటి సంస్థలు గోదావరి గింజని దగ్గరుండి పులియబెట్టించి, ఆ నేల పేరు చెప్పి చాక్లెట్ అమ్ముతున్నాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటామే, అది ఇక్కడ మంచి మాటే! కాకపోతే ఇలా అమ్ముడయ్యేది మొత్తం పంటలో కొంచెమే. బాగా పులిసిన గింజకి, పులియని గింజకి కొనేచోట స్పష్టమైన ధర తేడా పెడితేనే మిగతా రైతులకీ ఆ దారి తెరుచుకుంటుంది.

కొనేముందు ఓసారి తిప్పి చూడండి

మనవంతుగా చేయగలిగింది కూడా ఉంది. ఈసారి పిల్లలు చాక్లెట్ అడిగితే కవరు వెనక్కి తిప్పండి. అందులో ‘కోకో బటర్’ ఉందా, దాని బదులు ‘హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్’ ఉందా చూడండి. రెండోదైతే మీరు కొంటున్నది కోకో పొడి కలిపిన వనస్పతి ముద్ద. కోకో బటర్ మన ఒంటి వేడికి కాస్త దిగువనే కరుగుతుంది. అందుకే అసలు చాక్లెట్ నమలకుండానే నాలుకమీద జారిపోతుంది. నాసిరకం మైనంలా అంగిటికి అంటుకుంటుంది. 70 శాతం అని రాసుంటే బిళ్లలో ఆ మేరకు కోకో గింజ నుంచి వచ్చిన పదార్థం ఉందని అర్థం. మిగిలినది దాదాపుగా పంచదార. గింజ ఏ ఊరిదో, ఏ దేశానిదో రాశారంటే ఎక్కడ పండిందో చెప్పుకోవడానికి వాళ్లకి మొహమాటం లేదన్నమాట.

ఓ ఆదివారం మధ్యాహ్నం రెండు రకాలు తెచ్చుకోండి. ఒకటి మామూలు పాల చాక్లెట్, ఇంకోటి గోదావరి గింజతో చేసిన డార్క్ చాక్లెట్. చిన్న ముక్క నాలుకమీద పెట్టుకుని నిమిషంపాటు నమలకుండా ఉండండి. పిల్లల్ని అడగండి... ఏ రుచి తగిలిందని. ఒకరు ఎండుద్రాక్ష అంటారు, ఇంకొకరు బెల్లం అంటారు, మరొకరు మొహం చిట్లించి చేదంటారు. ముగ్గురూ నిజమే చెప్పినట్టు. ఆ రుచి కోసం కొబ్బరితోటలో ఎవరో ఆరు రోజులపాటు అరిటాకులెత్తి కుప్ప తిరగేశారని వాళ్లకి చెప్పండి. రెండోసారి ఆ చాక్లెట్ కొనేటప్పుడు ఓ పది రూపాయలు ఎక్కువైనా ఎందుకో వాళ్లకే తెలుస్తుంది.